సూర్యాపేట వీసా ఆఫీసరు

అరుంధతి ఎన్నడూ విమానం ఎక్కలేదు. అమెరికా మనిషితో ఎదురుగా నిలబడి మాట్లాడనైనా లేదు. అయినా సూర్యాపేటలో మూడేళ్లపాటు ఆమే అమెరికా వీసా ఆఫీసరు.

పిల్లలను విదేశీ చదువులకు పంపే ఒక కన్సల్టెన్సీలో ఆమె ఉద్యోగం; ఒక మందుల షాపు మీద మొదటి అంతస్తులో ఉండేది అది. లోపల ఒక మూలకు ప్లైవుడ్డుతో గది కట్టి, ముందర అద్దం బిగించి, అద్దం కింద కాగితాలు తోసేందుకు సందు పెట్టారు. హైదరాబాదులో అసలు వీసా ఇంటర్వ్యూ అట్లాగే అద్దం ముందు నిలబెట్టి చేస్తారు కాబట్టి, పిల్లలకు ముందే భయం పోవాలని ఆ ఏర్పాటు. గది వెనక గోడ మీద అమెరికా జెండా ఉండేది. సైన్‌బోర్డులు రాసే ఆయన దాన్ని గీశాడు. చుక్కలు ఎన్నో ఆయనకు తెలియదు, పట్టినన్ని పెట్టాడు. మూడేళ్లలో అక్కడికి వచ్చిపోయిన ఏ విద్యార్థీ ఆ చుక్కలు లెక్కపెట్టలేదు. అమెరికా అంటే వాళ్లకున్న ఆసక్తి అంతవరకే.

అరుంధతి, నేను అంతకుముందు మిర్యాలగూడలో ఒకే ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆమె ఇంగ్లీషు, నేను తెలుగు. నాకు ఎప్పుడూ మధ్యాహ్నం తిండి తర్వాతి పీరియడే ఇచ్చేవారు, పిల్లలు ఎట్లాగూ నిద్రపోతారని. ఆమె పీరియడులో ఎవరూ నిద్రపోయేవాళ్లు కారు. భయం వల్ల కాదు. ఆమె ఏ జవాబునూ అంత సులువుగా ఒప్పుకొని వదిలిపెట్టేది కాదు. పిల్లవాడు 'వర్షం వల్ల రాలేదు మేడం' అంటే, 'మీ వీధిల నీ ఒక్కనికే పడ్డదా వాన?' అని అడిగేది.

ఆ గుణం తల్లి కాటమ్మది. వాళ్లది పాలకీడు. తండ్రి కొమురయ్యకు రెండెకరాల చెలక. అరుంధతి ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఏడు పత్తి విత్తనాలు మొలవలేదు. కొమురయ్య తలరాత అనుకొని ఊరుకున్నాడు. కాటమ్మ ఊరుకోలేదు. ఖాళీ సంచి పట్టుకొని, బిడ్డ చెయ్యి పట్టుకొని షాపుకు పోయి, "దీని మీద ఏం రాసున్నదో సదువు" అన్నది. సంచి మీద అంతా ఇంగ్లీషు. ఆ పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. వందకు ఇన్ని మొలుస్తాయని రాసి ఉంది. గడువు తేదీ రాసి ఉంది. ఆ తేదీ దాటి ఏడాదైంది. షాపాయన ముఖం మాడిపోయింది. మర్నాడు కొత్త విత్తనాలు ఇంటికొచ్చాయి. ఇంగ్లీషు ఎందుకు నేర్చుకోవాలో ఆ రోజు తెలిసింది అనేది అరుంధతి.

ఆ కన్సల్టెన్సీ యజమాని వంశీధర్ మా బడికి వచ్చింది పదో తరగతి పిల్లలకు విదేశీ చదువుల మీద ఉపన్యాసం ఇవ్వడానికి. పదో తరగతి పిల్లలకు. వాళ్లలో సగం మందికి ఇంకా హైదరాబాదు పోయే బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో తెలియదు. ఆయనది మిర్యాలగూడలో తాతల నాటి రైసు మిల్లు కుటుంబం. మిల్లు అన్నలకు వదిలేసి ఈయన పిల్లల వ్యాపారంలోకి దిగాడు. వడ్లకైతే తేమ చూడాలి, రంగు చూడాలి, నూక చూడాలి. పిల్లల్లో అవేమీ చూడనక్కర లేదని త్వరగానే గ్రహించాడు.

ఆయన గంటసేపు మాట్లాడాడు. ప్రపంచం మీ గుప్పిట్లో ఉందన్నాడు. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాడు. వెనక కూర్చున్న అరుంధతి లేచింది.

"సార్, మీరు ఏ దేశంల సదువుకున్నరు?"

"నేను... దుబాయ్ పోయొచ్చిన మేడం."

"సదువుకోనీకా?"

"తిరగనీకి."

పిల్లలు నవ్వారు. హెడ్‌మాస్టరు నవ్వు ఆపుకున్నాడు. వంశీధర్ మాత్రం కోపగించలేదు. వ్యాపారికి కోపం ఖర్చు. సాయంత్రం గేటు దగ్గర ఆగి, "మేడం, మీరు అడుగుతుంటె నాకు చెమట పట్టింది. నాకు గసొంటి మనిషే కావాలె" అన్నాడు. సూర్యాపేటలో తన కన్సల్టెన్సీకి వస్తే బడిలో వచ్చే జీతానికి రెట్టింపు ఇస్తానన్నాడు. భర్త రాజ్‌కుమార్ అప్పటికే సూర్యాపేట బస్సు డిపోలో మెకానిక్. రోజూ మిర్యాలగూడకు వచ్చిపోయే తిప్పలు తప్పుతాయని అరుంధతి ఒప్పుకుంది.

అట్లా ఆమె అద్దం వెనక కూర్చుంది. ఫోనులో వీడియోలు చూసి ఆఫీసర్లు ఏమడుగుతారో రాసుకుంది. ఎందుకు పోతున్నావు, ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, చదివాక ఏం చేస్తావు. అంతే. నాలుగు మామూలు ప్రశ్నలు. పెళ్లిచూపుల్లో ఇంతకన్నా కష్టమైనవి అడుగుతారు.

కానీ ఆ నాలుగింటికి వంశీధర్ నూటపద్నాలుగు జవాబులున్న స్పైరల్ పుస్తకం అచ్చు వేయించాడు. కోదాడ నుంచి వచ్చినా, మేళ్లచెరువు నుంచి వచ్చినా పిల్లలందరూ అదే కంఠతా పెట్టేవారు. అందరికీ ఒకే జీవితాశయం. అందరి విశ్వవిద్యాలయంలోనూ అత్యుత్తమ పరిశోధనా సౌకర్యాలే. ఆ ఊరు మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే మాత్రం వేలు సముద్రం మీద పడేది.

"రెండేండ్లు ఉండబోయే ఊరు. ఆడ చలెంతుంటదో తెల్సుకోవా?" అని అడిగితే, "కన్సల్టెన్సీ వాళ్లు చెప్తరు మేడం" అనేవారు. కన్సల్టెన్సీ వాళ్లంటే తనేనని ఆమె గుర్తు చేయాల్సి వచ్చేది.

ఒకసారి మేళ్లచెరువు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. అద్దం ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మీ నాన్న ఏం చేస్తారని ఆమె ఇంగ్లీషులో అడిగింది. మా నాన్న హోల్‌సేల్ బియ్యం వ్యాపారి అని తడుముకోకుండా చెప్పాడు. పుస్తకంలో ఇరవై రెండో జవాబు అది.

"ఏం బియ్యం అమ్ముతడు?" ఆమె తెలుగులోకి మారింది.

కుర్రవాడు కట్టుకున్న చేతులు విప్పాడు. వాళ్ల నాన్న వెనక కుర్చీలో కూర్చొని ఉన్నాడు. సిమెంటు లారీ తోలి నేరుగా వచ్చాడు. చొక్కా మడతల్లో బూడిద రంగు దుమ్ము ఇంకా ఉంది. ఆయన కొడుకును చూడలేదు. నేల చూశాడు.

"మీ అయ్య గీడనే కూసున్నడు. ఆయనను సూసి చెప్పు, ఏం బియ్యమో."

ఆ కుర్రవాడు ఏడ్చాడు. అరుంధతి బయటికి వచ్చి ఆ తండ్రికి మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసు తీసుకొని, "అట్ల చెప్తెనే వీసా వస్తదన్నరమ్మా, మేము కూడ సరేననుకున్నం" అన్నాడు. ఒక మనిషి తన కష్టాన్ని తానే దాచుకోవడానికి సరేనన్నాడు. దానికి ఫీజు కూడా కట్టాడు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అరుంధతి గొంతులో జాలి లేదు. వంశీధర్ పేరును మాత్రం చేదు మందులా పలికింది.

మరి అప్పుడే ఎందుకు మానెయ్యలేదని నేనడిగాను. "ఇంటి కిరాయి, పిల్ల ఫీజు" అన్నది. "తప్పు నాది గాదు, అద్దం ఇవతల మాత్రమే నేనున్న అనుకున్న. మనిషి ఏదన్న అనుకోవచ్చు గద." తనను కూడా ఆమె వదిలిపెట్టేది కాదు.

శ్యామల వచ్చిన రోజు వరకూ అట్లాగే నడిచింది.

శ్యామలది కోదాడ దగ్గర చిలుకూరు. తండ్రి భిక్షపతి రైతు. ఆ అమ్మాయి సివిల్ ఇంజనీరింగు చదివి, మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో రెండేళ్లు పనిచేసింది. అరుంధతి చేతికొచ్చిన ఫైలులో అదేమీ లేదు. శ్యామల హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్టు ఉత్తరం ఉంది, కింద ముద్ర, సంతకం. డేటా అనలిటిక్సులో మాస్టర్స్‌కు సీటు వచ్చినట్టు విశ్వవిద్యాలయం కాగితం ఉంది. ఆ విశ్వవిద్యాలయం వంశీధర్‌కు కమిషన్ ఎక్కువిస్తుంది. ఆఫీసులో అందరికీ తెలుసు, శ్యామలకు తప్ప.

అరుంధతి అద్దం వెనక నుంచి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "కంపెనీలో మీ పని ఏమిటి?"

"డేటాను విశ్లేషించి..." అని శ్యామల నలభై ఒకటో జవాబు అందుకుంది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

"బిడ్డా, నిజంగ ఏం చేసినవ్ రెండేండ్లు?"

శ్యామల వెనక్కి తిరిగి చూసింది. వంశీధర్ క్యాబిన్ తలుపు వేసి ఉంది.

"సిమెంటు దిమ్మెలు పోసిన మేడం. పోసి, నీళ్ల తొట్టిల పెట్టి, మూడో రోజు కొన్ని, ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని మిషన్ల పెట్టి పగలగొడ్తం. ఎంత బరువుకు పగుల్తదో రాసుకుంటం."

"ఎందుకు?"

అంతే, ఇక ఆ పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. సున్నపురాయి కాల్చడానికి ఎంత బొగ్గు పోతుందో, ఎంత పొగ వస్తుందో చెప్పింది. రాయి తగ్గించి కాల్చిన మట్టి కలిపితే సిమెంటు నిలుస్తుందా అని ల్యాబులో తన సొంతానికి కొన్ని దిమ్మెలు పోసి చూశానని చెప్పింది. మూడో రోజు బలం తక్కువొచ్చిందట, ఇరవై ఎనిమిదో రోజుకు దాదాపు సమానమైందట. మేనేజరు తిట్టాడట. అమెరికాలో ఒక ప్రొఫెసరు అదే పని చేస్తున్నాడట, ఆయన వ్యాసాలు రెండు చదివిందట. చెబుతున్నంతసేపూ అద్దం మీద వేలితో గీతలు గీసింది, ఏ రోజుకు బలం ఎంత పెరిగిందో చూపించడానికి.

"మరి ఆయన దగ్గరికే పోతా అని చెప్పలేదా?"

"చెప్పిన మేడం. సిమెంటు గిమెంటు అంటె వీసా రాదన్నరు. ఆడపిల్లకు కంప్యూటరే నయమన్నరు. సాఫ్ట్‌వేర్ ఉత్తరం వాళ్లే తయారుచేసి పెట్టిన్రు."

అరుంధతి లేచి ఆ ఫైలు తీసుకొని వంశీధర్ క్యాబిన్‌లోకి పోయింది. తలుపు వేయలేదు. బయట ఉన్నవాళ్లందరికీ వినపడింది.

"ఈ ఉత్తరం ఎవరిచ్చిన్రు సార్?"

"అది మనకెందుకు మేడం. అడిగితె ఇస్తరు, మనం పెడ్తం."

"ఈ పిల్ల ఆ కంపెనీ గడప తొక్కలే."

"అందరి ఫైళ్లల్ల గట్లనే ఉంటది. మీకు తెల్వనిదా?"

"తెల్సు. తెల్సి మూడేండ్లు కూసున్న. గదే సిగ్గు." ఆమె ఉత్తరం ఆయన టేబుల్ మీద పెట్టింది. "దొంగ కాగితం పెట్టినట్టు తేలితె జన్మల అమెరికా గడప తొక్కనియ్యరు సార్. ఒక్కసారి కాదు, జన్మంత. ఆ సంగతి ఈ పిల్లకు చెప్పిన్రా?"

వంశీధర్ నెమ్మదిగా అన్నాడు, "మేడం, మీరు ఆఫీసర్ యాక్టింగు చేయాలె. నిజంగ ఆఫీసర్ అయితనంటె ఎట్ల?"

ఆ మాటకు బయట ఎవరో కిసుక్కుమన్నారు. అరుంధతి తన బ్యాగు తీసుకొని, ఉద్యోగం వదిలి మెట్లు దిగింది. టిఫిన్ డబ్బా మరిచిపోయింది. శ్యామల వెంట పరుగెత్తి తెచ్చిచ్చింది.

మర్నాడు భిక్షపతి బిడ్డను తీసుకొని సూర్యాపేటలో అరుంధతి ఇంటికొచ్చాడు. పెద్దమనిషి చాలా కలవరపడుతున్నాడు. "సీటు వచ్చేసిందని చుట్టాలందరికీ చెప్పేసినమమ్మా. కోదాడ సెంటర్‌లో మా తమ్ముడు ఫ్లెక్సీ కూడా కట్టించిండు. ఇప్పుడు కాదంటే ఎట్టా?"

ఫ్లెక్సీల సంగతి చెప్పాలి. మా దగ్గర పిల్లలు విదేశాలు పోతే కూడలిలో ఫ్లెక్సీ కడతారు. కొందరికి వీసా కూడా రాకముందే కడతారు. పోయేవాళ్ల ఫోటో పక్కన విమానం, అమెరికా స్వేచ్ఛా దేవత విగ్రహం, కింద బాబాయిలు, మేనమామలు, వార్డు నాయకులు వరుసగా పాస్‌పోర్టు సైజు ముఖాలతో నవ్వుతూ ఉంటారు. చదవబోయే కోర్సు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అడిగితే ఆ ముఖాల్లో ఒక్కరూ చెప్పలేరు.

"ఫ్లెక్సీ ఎండకు నెలరోజుల్ల రంగు పోతది" అన్నది అరుంధతి. "జన్మంత రావద్దన్న ముద్ర పోదు. మీరే చెప్పున్రి, ఏది కావాలె?"

భిక్షపతి బిడ్డ వైపు చూసి, "నీకేం కావాలో నువ్వు చెప్పు" అన్నాడు. తన ఇంట్లోవాళ్లు ఆ ఒక్క మాట తనను అడగడం అదే మొదటిసారని శ్యామల తర్వాత నాతో చెప్పింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు పట్టింది. శ్యామల తన సంగతి తానే రాసుకుంది. అరుంధతి వ్యాకరణం మాత్రం దిద్దింది. 'చిన్నప్పటి నుంచి నా కల' అని రాసిన చోటల్లా కొట్టేసింది. "చిన్నప్పుడు నీకు సిమెంటు కల ఎట్లొచ్చింది? ఫ్యాక్టరీల వచ్చిందని రాయి" అన్నది. ఆ ప్రొఫెసరుకు శ్యామల తన దిమ్మెల లెక్కలు పంపింది. పది రోజులకు జవాబు వచ్చింది, నాలుగు ప్రశ్నలతో. ఆ ప్రశ్నలకు జవాబివ్వడానికి ఆ పిల్ల పాత ల్యాబుకు పోయి, బతిమాలి మళ్లీ దిమ్మెలు పోసింది. సీటొచ్చింది, ఫీజులో కొంత రాయితీ కూడా. చిలుకూరులో ఎవరికీ చెప్పలేదు.

వీసా ఫారం నింపేటప్పుడు అరుంధతి ఒక్కో గడినీ రెండుసార్లు చదివించింది. ఉద్యోగం అన్న దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ అని, తండ్రి వృత్తి అన్న దగ్గర రైతు అని రాశారు.

జూన్‌లో ఇంటర్వ్యూ. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆఫీసరు రెండు ప్రశ్నలడిగి, పాస్‌పోర్టు వెనక్కి తోసి, ఒక కాగితం చేతికిచ్చాడు. చదివాక తిరిగి వస్తావన్న నమ్మకం కలగలేదని ఆ కాగితం సారాంశం.

కథల్లో అయితే నిజం చెప్పినవాళ్లకు వెంటనే గెలుపు రావాలి. వీసా కిటికీకి ఆ కథలు తెలియవు. వీసా రాలేదన్న సంగతి మాత్రం సూర్యాపేటలో వంశీధర్‌కు తెలిసింది. ఎవరు చెప్పారో కానీ అదే సాయంత్రానికి తెలిసింది. తన దగ్గరున్న పిల్లలను కూర్చోబెట్టి, "సూసిన్రు గద, మేడం మాట ఇంటె ఏమైతదో" అన్నాడట. చిలుకూరులో శ్యామల బాబాయి, ఫ్లెక్సీ కట్టించినాయన, "పిల్లను పాడుచేసింది ఆ టీచరమ్మ" అని ఊరంతా చెప్పాడు. ఆయన ముఖం అప్పటికి ఫ్లెక్సీ మీద వెలిసిపోయి కళ్లజోడు మాత్రమే మిగిలింది.

శ్యామల ఫోన్ చేసి ఏడ్చింది. అరుంధతి ఓదార్చలేదు. "ఏమడిగిండు? నువ్వేమన్నవ్? ఒక్కో మాట చెప్పు" అన్నది. చదివాక ఏం చేస్తావని ఆఫీసరు అడిగితే, భయంలో ఆ పిల్ల పాత స్పైరల్ పుస్తకంలోని ఎనభై ఏడో జవాబు చెప్పేసింది. తిరిగొచ్చి ఇక్కడే ప్రముఖ బహుళజాతి సంస్థలో చేరి నా నైపుణ్యాలు పెంపొందించుకుంటాను అని. మూడు నెలలు కంఠతా పెట్టింది కదా, నోట్లోంచి అదే వచ్చింది. రోజూ అందరి నోటా అదే వినే ఆఫీసరు నమ్మలేదు.

"ఆ పుస్తకం ఇంకున్నదా ఇంట్ల?"

"ఉన్నది మేడం."

"పొయ్యిల పెట్టు. మల్ల పోదాం."

రాజ్‌కుమార్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి ఆ మాట విన్నాడు. "మల్ల పోదామంటున్నవ్, నీకు కూడ వీసా ఉన్నదా?" అన్నాడు. ఆ రోజు ఆ ఇంట్లో నవ్వు వచ్చిందంటే ఆ ఒక్కసారే.

జులై చివర మళ్లీ కిటికీ ముందు నిలబడింది. ఈసారి లోపల ఒక ఆడ మనిషి ఉంది. రెండేళ్లుగా ఏం చేశావని అడిగింది. సిమెంటు దిమ్మెలు పగలగొట్టానని చెప్పింది శ్యామల. ఎందుకని అడిగింది ఆమె. అరుంధతి అడిగినట్టే. శ్యామల చెప్పింది. చదివాక ఏం చేస్తావంటే, మా ఊరి చుట్టూ సున్నపురాయి గుంతలున్నాయి, వాటిని ఇంకా లోతు చేయకుండా సిమెంటు ఎట్లా చేయాలో మా ఫ్యాక్టరీకి చూపించాలి, నన్ను తిట్టిన మేనేజరు ఇంకా అక్కడే ఉన్నాడని చెప్పింది. ఆమె కొంచెం నవ్వి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకుంది. ఉంచుకుందంటే వీసా వచ్చినట్టు.

వీసా చేతికొస్తే పని అయిపోయిందని మా దగ్గర అనుకుంటారు. పెళ్లయితే కాపురం అయిపోయినట్టు. అక్కడ చేరాక అసలు తిప్పలు. శ్యామలతో గదిలో ఉన్న ముగ్గురు అమ్మాయిలు మన దిక్కువాళ్లే. చదువుకునేవాళ్లు క్యాంపస్ లోపల వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. బయట అనుమతి లేనిది పనిచేయకూడదు. ముగ్గురూ ఒక పెట్రోలు బంకులో చేతికి డబ్బు తీసుకొని పనిచేసేవారు. శ్యామలను కూడా రమ్మన్నారు. ఎవరు చూస్తారన్నారు. ఈ 'ఎవరు చూస్తారు' అన్న మాట మనవాళ్లు సామానులో ఊరగాయతోపాటు కట్టుకొని పోతారు.

ఏం చేయమంటారని శ్యామల ఫోన్ చేసి అరుంధతిని అడిగింది. "ఎవలు సూసినా సూడకున్నా నువ్వైతె సూస్తవ్ గద" అన్నది అరుంధతి. "దొంగ ఉత్తరం వద్దని ఎనిమిది నెలలు తిరిగినం. గది పెట్రోలు బంకుల పోగొట్టుకుంటవా?" శ్యామల ల్యాబులోనే ఇరవై గంటల పని చూసుకుంది.

మొదటి చలికాలంలో ఆ పిల్లకు టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చింది. మూడు సబ్జెక్టుల్లో ఒకటి వదిలేద్దామనుకుంది. వదిలేస్తే నిండు చదువు కింద లెక్కకు రాదు, వీసా హోదా పోతుంది. ఆ సంగతి గదిలో ఒక్కరికీ తెలియదు. అరుంధతికీ పూర్తిగా తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. "ఏది వదలాలన్నా ముందు ఆ ఆఫీసుల అడుగు. వదిలినంక అడిగితె ఎవలు ఏం చేయలేరు." విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుకు శ్యామల డాక్టరు కాగితంతో పోయింది. వాళ్లు ముందే అనుమతి రాసిచ్చారు. ఒక సబ్జెక్టు వదిలింది, హోదా నిలిచింది. పెట్రోలు బంకు ముగ్గురిలో ఒకమ్మాయి అదే సెమిస్టరులో ఎవరినీ అడగకుండా సబ్జెక్టు వదిలి, హోదా పోగొట్టుకొని తిరిగొచ్చింది. ఆమె ఫ్లెక్సీ కోదాడలో ఇంకా దించలేదు.

వంశీధర్ సంగతి. కిందటి ఏడాది నుంచి వీసా అడిగే విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ తెరిచి ఉంచాలన్నారు. మన పిల్లలు రాత్రికి రాత్రి రీల్స్ తుడుచుకున్నారు. వంశీధర్ అన్న కొడుకు తుడుచుకోలేదు, అందులో తప్పేముందనుకున్నాడు. ఫైలులో అతను రెండేళ్లు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఫోనులో అవే రెండేళ్లూ రోజూ మిర్యాలగూడలో, మిల్లు ముందు బుల్లెట్ మీద కూర్చొని, క్రికెట్ కప్పులు పట్టుకొని ఉన్నాడు. పనిదినాల్లో కూడా. ఆఫీసరు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినట్టుంది. మోసపు కాగితం పెట్టాడని రాసి ఇచ్చారు.

వంశీధర్ అరుంధతి ఇంటికి వచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు.

"మేడం, జర ఏమన్న దారి చెప్పున్రి. మా అన్న నా ముఖం సూస్తలేడు."

"దారి నాడే చెప్పిన సార్. తలుపు కూడ వేయలే, అందరికి ఇనపడ్డది."

"మా ఇంటి పిల్లగాడు మేడం."

"లారీ తోలే ఆయన కొడుకు కూడ ఒకరింటి పిల్లగాడే." ఆమె చాయ్ ఇచ్చింది. ఆయన తాగి వెళ్లిపోయాడు.

ఆయన కన్సల్టెన్సీ మూతపడిందనుకునేరు. లేదు. బోర్డు మార్చాడు. ఇప్పుడు యూరపు దేశాల పేర్లు రాయించాడు, ఇంటర్వ్యూ అంత గట్టిగా ఉండదని. పిల్లలు మునుపటికన్నా ఎక్కువే వస్తున్నారు. అబద్ధానికి గిరాకీ తగ్గిన రోజు మా దగ్గర నేను చూడలేదు.

అరుంధతి ఇప్పుడు పొద్దున ఒక జూనియర్ కాలేజీలో చెబుతుంది. ఆదివారాలు ఇంట్లో వీసాకు పోయేవాళ్లతో మాట్లాడుతుంది. వచ్చేవాళ్లు తక్కువ. సగం మంది మొదటి ప్రశ్నకే లేచిపోతారు. మిగిలిన సగంలో నలుగురైదుగురు పోయారు, చదువుతున్నారు. శ్యామలకు ఈ మేలో పట్టా వస్తుంది. ఆమె పరిశోధన వ్యాసం ఒకటి అచ్చయితే, అరుంధతి దాన్ని ప్రింటు తీయించి నాకు చూపించింది. మాకిద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. గీతలు మాత్రం అద్దం మీద చూసినవేనని చెప్పింది.

పోయిన ఆదివారం నేనక్కడ ఉన్నప్పుడే మిర్యాలగూడ నుంచి ఒకాయన కొడుకును తీసుకొచ్చాడు. పిల్లవాడు బీటెక్ అయిపోయి ఏడాది. తండ్రి, "ఎక్కడికైనా సరే మేడం, పంపితె చాలు" అన్నాడు.

అరుంధతి పిల్లవాడి వైపు తిరిగింది. "నీకు ఏం సదవాలనుంది?"

"ఏదైనా పర్లేదు మేడం."

"ఏదైనా అంటె ఏది?"

పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి నా వైపు చూశాడు. నేను తెలుగు మాస్టరును, నన్ను చూసి లాభం లేదు.

"ఒక నెల టైం తీస్కో. ఎందుకు పోతున్నవో నీ చేత్తో ఒక పేజీ రాసుకొని రా. పుస్తకాల సూసి కాదు. తెలుగుల రాసినా మంచిదే."

వాళ్లు లేచి వెళ్లిపోయారు. మెట్లు దిగుతూ తండ్రి, "ఈమెతోని పనయ్యేటట్లు లేదు, వేరే దగ్గర సూద్దాం" అనడం పైకి వినిపించింది.

"మల్ల రారు" అన్నాను.

"రారు" అన్నది అరుంధతి. "ఎవలో ఒకరు పంపుతరు. పోనీ. నేను అడిగింది గాడ వీసా అద్దం ఎనక ఇంకొకరు అడుగుతరు. గప్పుడైనా ఆలోచిస్తడు." అని వంటింట్లోకి పోయి, తరిగిన బెండకాయలు నూనెలో వేసింది.